సొంత పేరుతో వేషం

టీవీ కామెడీ షో జబర్దస్త్‌లో సుడిగాలి సుధీర్ వేసింది వేషమా, కాదా? నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర రొయ్యల గుంటల గట్టు మీద ఒక మామకూ మేనల్లుడికీ మధ్య తెగని పంచాయితీ ఇది. మామ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాలు ఆడాడు, తర్వాత వాటికి మార్కులు కూడా వేశాడు. అల్లుడు ఆక్వా టెక్నీషియన్. రాత్రంతా ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడం, తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోకుండా కాపలా కాయడం అతని డ్యూటీ. నిద్ర ఆపుకోవడానికి ఫోన్‌ని మేత బస్తాకు ఆనించి కామెడీ చూస్తాడు. మామకు ఎటూ నిద్ర పట్టదు. ఇద్దరూ చూసేది ఒకే తెర, నవ్వేది మాత్రం ఒకే చోట కాదు.

"అబ్బయా, పోలీసు డ్రెస్సేసినా సుధీరే, పెళ్లికొడుకైనా సుధీరే, దొంగైనా సుధీరే. ఇంక వేషం యాడుందిరా? బట్టలు మారాయి, మనిషి మార్లేదు" అంటాడు మామ.

"మనిషి మారకూడదనే గదా మామా జనం చూసేది" అంటాడు అల్లుడు.

జబర్దస్త్ 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైంది. మరుసటేడు దానికి తోడు ఎక్స్‌ట్రా జబర్దస్త్ వచ్చింది. గురువారం ఒకటి, శుక్రవారం ఇంకొకటి వచ్చేవి. అందులో టీమ్ లీడర్లకు ఇంటిపేరులాగా ఒక బిరుదు అతుక్కుంటుంది: హైపర్ ఆది, చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్. స్కిట్టులో కథ ఏదైనా కావచ్చు, పిలుపు మాత్రం సొంత పేరుతోనే. ఆ పేరుకు కొన్ని గుణాలు వారం వారం పేరుకుంటూ పోతాయి. సుధీర్ అంటే కనిపించిన ప్రతి అమ్మాయి దగ్గరా పులిహోర కలిపేవాడు. రైజింగ్ రాజు అంటే వయసు మీద పంచ్ పడాల్సిందే. కొత్తగా చూసేవాడికి సగం పంచ్‌లు ఎక్కవు, ఎందుకంటే వాటి మొదలు ఎప్పుడో పాత స్కిట్టులో ఉంటుంది. యాంకర్ రష్మితో సుధీర్ ప్రేమకథ అయితే ఏళ్ల తరబడి నడిచింది. అదంతా షో కోసమేనని ఇద్దరూ ఎన్నిసార్లు చెప్పినా పెళ్లెప్పుడని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

మామకు ఈ షో మీద ఇంకో చిన్న గుర్రు ఉంది. దాన్ని తీసే సంస్థ మల్లెమాల. ఆ పేరు మల్లెమాల సుందరరామిరెడ్డిది, అచ్చంగా నెల్లూరు జిల్లా కవిది. రామాయణాన్ని తెలుగు పద్యాల్లో రాసిన మనిషి పేరు కింద ఈ పంచ్‌లేందని మామ బాధ. సినిమా నిర్మాతగా ఆయన జనానికి ఏం కావాలో ఎరిగినవాడేనని అల్లుడు గుర్తు చేస్తే మాట మార్చేస్తాడు.

మామ మొదటి అస్త్రం ‘అమృతం’. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది. అమృత విలాస్ హోటలు, దాన్ని నడపలేక నడిపే అమృతరావు, ఆంజనేయులు, ప్రాణం తీసే ఇంటి ఓనరు అప్పాజీ, సర్వరు సర్వం.

"అమృతరావు వేషం శివాజీరాజా వేశాడు, నరేష్ వేశాడు, హర్షవర్ధన్ వేశాడు. ముగ్గురు మారారు, అమృతరావు మార్లేదు. అదీ పాత్రంటే. మరి సుధీర్ ఒక వారం రాకపోతే సుధీర్ వేషం ఇంకోడు వేస్తాడా? వెయ్యలేడు. పాత్ర ఉంటే గదా ఇంకోడు వెయ్యడానికి!"

ఇది గట్టి దెబ్బే. అల్లుడు వెంటనే బదులు చెప్పలేదు. లేచి వెళ్లి చెక్‌ట్రే పైకి లాగాడు, టార్చి కొట్టి చూశాడు. ట్రేలో మేత మిగల్లేదు, పట్టిన రొయ్యల వీపుల మీద పేగు నిండుగా నల్లగా కనిపిస్తోంది. తిరిగొచ్చి కూర్చునేసరికి అతనికి మాట దొరికింది.

"ఆంజనేయులు సంగతేంది మామా? ఆరేళ్లూ గుండు హనుమంతరావే గదా వేసింది. ఆయన్ని తీసేసి ఇంకోర్ని పెట్టే ధైర్యం ఎవరికీ రాలా. ఆయన 2018లో పోయినాక, రెండేళ్లకు అమృతం ద్వితీయం అని తీశారు. ఎల్బీ శ్రీరామ్‌ని పెట్టారు. ఆయనకు నటన రాదని నేనంటానా? అయినా జనం గుండు హనుమంతరావు కోసమే ఎతుక్కున్నారు. పేరు ఆంజనేయులు అని పెట్టినా లోపల మనిషి ఆయనే."

మామ దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా అమృతం గురించి మళ్లీ ఎత్తలేదు.

సొంత పేరుతో సీరియల్ నడపడం అల్లుడు కనిపెట్టిన గొప్పేమీ కాదు, అమెరికాలో అదొక పెద్ద పరంపర. జెర్రీ సైన్‌ఫెల్డ్ అనే స్టాండప్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ అనే స్టాండప్ కమెడియన్‌గా నటించిన ‘సైన్‌ఫెల్డ్’ 1989 నుంచి 1998 దాకా తొమ్మిది సీజన్లు, 180 ఎపిసోడ్లు నడిచింది. దాన్ని ఆయనతో కలిసి పుట్టించిన లారీ డేవిడ్ కూడా స్టాండప్ నుంచి వచ్చినవాడే. జెర్రీ స్నేహితుడు జార్జి పాత్ర లారీ డేవిడ్‌ని చూసి అల్లిందే. అదీ చాలక ఆయన 2000లో ‘కర్బ్ యువర్ ఎంథూజియాజమ్’ మొదలుపెట్టి అందులో తనే లారీ డేవిడ్‌గా కూర్చున్నాడు. అది 2024 దాకా సాగింది. డైలాగులు రాసి పెట్టుకోరు. ఏ సీన్లో ఏం జరగాలో రూపురేఖ మాత్రం ఉంటుంది, మాటలు అక్కడికక్కడ నటులే అల్లుకుంటారు. వెనకాల నవ్వుల టేపు కూడా ఉండదు.

డాలస్‌లో కూతురి ఇంట్లో ఉన్నప్పుడు మామ ఈ రెండూ కొంత చూశాడు. సైన్‌ఫెల్డ్‌లో అతనికి నచ్చింది జెర్రీ కాదు, తలుపు తోసుకుని వచ్చే పక్కింటి క్రేమర్. అంటే వేషం కట్టినవాడే. ఈ ముక్క అతను తన వాదానికి సాక్ష్యంగా వాడుకుంటాడు: "పేరు సొంతం పెట్టుకున్నోడు ఊరికే నిలబడి చూస్తా ఉంటాడు. చుట్టూ ఉన్నోళ్లు నటిస్తారు. జెర్రీకి నటన రాదని ఆయనే నవ్వుకుంటాడు."

"అయితే లారీ?"

"లారీ..." మామ ఇక్కడ తడబడతాడు. నిజం చెప్పాలంటే అతనికి లారీ డేవిడ్ అంటే ఇష్టం. ఎవరి ఇంటికెళ్లినా ఏదో ఒక చిన్న మర్యాద దగ్గర పేచీ పెట్టుకుని చివరికి ఊరందరి ముందూ నవ్వులపాలయ్యే ఆ బట్టతల ముసలాయనలో మామకు ఎవరు కనిపిస్తారో అల్లుడికి తెలుసు. పెళ్లి పందిట్లో రెండోసారి పులుసు వడ్డించలేదని లేచి వచ్చేసిన మనిషి అతని ఎదురుగానే ఉన్నాడు.

అయితే ఇద్దరూ దాటేస్తున్న విషయం ఒకటుంది. జబర్దస్త్‌నీ సైన్‌ఫెల్డ్‌నీ ఒకే గాటన కడుతున్నారు. రెండింటికీ మధ్య పెద్ద తేడానే ఉంది. సైన్‌ఫెల్డ్‌లో జెర్రీకి ఒక ఫ్లాటు, ముగ్గురు స్నేహితులు, రోజూ కూర్చునే ఒక హోటలు ఉన్నాయి. నాలుగో సీజన్లో జెర్రీ, జార్జి కలిసి టీవీ వాళ్లకు తమ బతుకు మీదే ఒక షో అమ్మజూపుతారు. ఆ కథ ఎపిసోడ్ నుంచి ఎపిసోడ్‌కు పాకుతుంది. చివరి ఎపిసోడ్‌లో పాత పాపాలన్నీ సాక్షుల రూపంలో కోర్టుకొచ్చి నలుగురినీ జైలుకు పంపుతాయి. జబర్దస్త్‌లో సుధీర్‌కు ఇల్లు లేదు, ఉద్యోగం లేదు, నిన్నటి రోజు లేదు. ఈ వారం పెళ్లయి వచ్చేవారం బ్రహ్మచారి. నిలిచి ఉండేది పేరు ఒక్కటే. అయినా ఆ ముక్కలన్నిటినీ తమ మనసులో కుట్టి ఒక సీరియల్ చేసుకున్నది ప్రేక్షకులు. రష్మి ఈ ఎపిసోడ్లో అలిగిందా, వచ్చేవారం మాట్లాడిందా అని లెక్క పెట్టుకున్నది వాళ్లు. తెలుగులో సొంత పేరు సిట్‌కామ్‌ని ఎవరూ రాయలేదు, జనమే ఊహించుకున్నారు.

నవ్వుల టేపు మాటకొస్తే జబర్దస్త్‌కు దాని అవసరం రాలేదు. జడ్జీల కుర్చీల్లో కూర్చున్న నాగబాబు, రోజా నవ్వే ఆ పని చేసింది. నాగబాబు 2019లో వెళ్లిపోయాడు, రోజా 2022లో మంత్రి అయ్యాక మానేసింది. ఆ తర్వాత స్కిట్లు మారకపోయినా ఏదో లోటు కనిపించిందని చాలామంది అన్నారు. నవ్వేవాళ్లు కూడా ఆ షోలో పాత్రలేనన్నమాట, వాళ్లూ సొంత పేర్లతోనే.

మామ రెండో అస్త్రం ఇంకా పదునైంది. "పేరు సొంతం పెట్టుకున్నాక మనిషి తప్పు చేస్తే?"

లూయీ సి.కె. 2010 నుంచి 2015 దాకా ‘లూయీ’ తీశాడు. విడాకులైన స్టాండప్ కమెడియన్, ఇద్దరు కూతుళ్ల తండ్రి. షోలోనూ అంతే, బయటా అంతే. రాసింది, తీసింది, చాలా ఎపిసోడ్లకు ఎడిటింగ్ చేసింది కూడా ఆయనే. తన సిగ్గుమాలినతనం గురించి తనే చెప్పుకుంటాడని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. 2017 నవంబరులో ఐదుగురు మహిళలు ఆయన మీద చేసిన ఆరోపణలు పత్రికలో వచ్చాయి. మర్నాడే అవి నిజమేనని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ షో చూసేవాడికి ప్రతి ఒప్పుకోలూ ఒక ముసుగులాగా కనిపిస్తుంది.

"వేషానికి వేరే పేరుంటే మనిషి మట్టిగొట్టుకుపోయినా వేషం బతికేది" అని మామ.

"బతకదు మామా. రోజాన్ బార్ చూడు." రోజాన్ బార్ కూడా స్టాండప్ నుంచే వచ్చింది. 1988లో మొదలైన ఆమె సీరియల్లో పాత్ర పేరు రోజాన్ కానర్. ముందు పేరు సొంతం, ఇంటిపేరు కల్పితం. 2018లో ఆ సీరియల్‌ని మళ్లీ తెచ్చారు, బ్రహ్మాండంగా ఆడుతోంది. అంతలో ఆమె పెట్టిన ఒక జాతివివక్ష ట్వీటు దుమారం లేపింది. ఛానల్ షో ఆపేసింది. అదే ఏడాది అక్టోబరులో మిగతా కుటుంబంతో ‘ది కానర్స్’ మొదలుపెట్టి, అందులో రోజాన్ నొప్పి మాత్రలు ఎక్కువై చనిపోయినట్టు చూపించారు. "పేరు సగమే సొంతం. అయినా మనిషి చేసిన తప్పుకు పాత్రని చంపారు. పేరు మార్చినంత మాత్రాన తప్పించుకునేదేం లేదు."

మామ ఇక్కడ నవ్వాడు, అల్లుడి లెక్కలో అది చిన్న విజయం.

అసలు రసం పండింది మాత్రం రమణారెడ్డి దగ్గర. నెల్లూరు జిల్లాలో ఎవరితో హాస్యం గురించి మాట్లాడినా అక్కడికి రాక తప్పదు. తిక్కవరపు వెంకటరమణారెడ్డి 1921లో ఈ జిల్లా జగదేవిపేటలో పుట్టాడు. మొదట శానిటరీ ఇన్‌స్పెక్టరు. తర్వాత మద్రాసు, సినిమాలు. మిస్సమ్మలో డేవిడ్, మాయాబజార్‌లో చిన్నమయ, గుండమ్మ కథలో ఘంటయ్య. ఆ వెదురుబద్ద ఒళ్లు, పక్కన రేలంగి బొద్దుతనం, ఇద్దరూ తెరమీదికి వస్తే చాలు హాల్లో సగం పని అయిపోయేది. ఇవన్నీ కాక ఆయనకు మేజిక్ వచ్చు. గారడీ ప్రదర్శనలిచ్చి ఆ డబ్బు మంచి పనులకు ఇచ్చేవాడు. 1974లో పోయాడు.

మామ గొంతు ఈ మాట దగ్గర కొంచెం మారుతుంది. "చూశావా? డేవిడ్‌గా వేశాడు, చిన్నమయగా వేశాడు, ఒక్కసారి కూడా రమణారెడ్డిగా వెయ్యలా. మనిషిని దాచుకున్నాడు. అదీ పెద్దరికం."

"అదే మామా మనకు నష్టం" అన్నాడు అల్లుడు. గొంతు పెంచకుండానే అన్నాడు. "నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసినోడు. ఎన్ని హోటళ్ల వంటిళ్లు చూసుంటాడు? ఎంతమంది ఓనర్లు వాయిదాలు చెప్పుంటారు? సినిమాల్లోకి పోయినాక ఊరికొస్తే ఆ హోటలోళ్లు ఎట్ట చూసుంటారు? మేజిక్ చేసే శానిటరీ ఇన్‌స్పెక్టరు, సినిమా యాక్టరయి ఊళ్లోకి దిగినోడు. ఇది సీరియల్ కాకపోతే ఇంకేందబ్బా సీరియల్? ఆయన డేవిడ్‌ని ఇచ్చాడు సరే. రమణారెడ్డిని మనకు ఇచ్చినోడు ఎవరూ లేరు."

మామ చాలాసేపు ఏరేటర్ల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

అమెరికాలో రమణారెడ్డికి దగ్గరగా వచ్చే మనిషి జాక్ బెన్నీ. 1932లో రేడియోలో మొదలై 1965 దాకా టీవీలో జాక్ బెన్నీగానే కనిపించాడు. షోలో ఆయన పరమ పిసినారి, ఎప్పుడడిగినా వయసు ముప్పైతొమ్మిదే. 1948లో ఒక రేడియో ఎపిసోడ్‌లో దొంగ తుపాకీ పెట్టి డబ్బో ప్రాణమో తేల్చుకోమంటే బెన్నీ నోరు మెదపడు. ఆ మౌనానికే శ్రోతలు పగలబడి నవ్వారు. దొంగ రెట్టిస్తే ఆలోచిస్తున్నానంటాడు. బయట ఆయన పిసినారి కాదు. సింఫనీ ఆర్కెస్ట్రాల కోసం వయొలిన్ వాయించి విరాళాలు పోగుచేసిన మనిషి. ఈ సంగతి విన్నాక మామ పట్టు కొంచెం సడలింది. సొంత పేరు పెట్టుకున్నా సొంత గుణం పెట్టుకోలేదు కాబట్టి అది వేషమేనని తీర్పు ఇచ్చాడు. సుధీర్‌కు ఆ తీర్పు వర్తించదా అని అల్లుడు అడిగితే, సుధీర్ కూడా మెజీషియనేగా అని తనలో తాను గొణుక్కున్నాడు. జబర్దస్త్‌కు ముందు సుధీర్ గారడీలు చేసేవాడు. రమణారెడ్డికీ అతనికీ అంతమాత్రం చుట్టరికం ఉంది.

మన దేశంలో ఈ దారిలో శుభ్రంగా నడిచింది ‘హ్యూమరస్లీ యువర్స్’. 2016లో టీవీఎఫ్ తీసింది. ఐఐటీలో చదివి కమెడియన్ అయిన విపుల్ గోయల్ అందులో విపుల్ గోయల్‌గానే ఉంటాడు. భార్యగా రసికా దుగల్ వేసింది. స్టేజీ మీద జోకు, స్టేజీ దిగితే షో బుక్ చేసినవాళ్లతో, ఇంట్లోవాళ్లతో తంటాలు. పెద్ద గొప్పగా ఉందనలేం కానీ జోకు ఎక్కణ్నుంచి పుడుతుందో, ఇంట్లో దానికి ఎవరి మూతి ముడుచుకుంటుందో ఓపిగ్గా చూపిస్తుంది. మరుసటేడు సుముఖి సురేష్ ‘పుష్పవల్లి’ తెచ్చింది. తన అనుభవం నుంచే పుట్టిన కథ, పేరు మాత్రం మార్చింది. ఒక మగాడి కోసం ఊరు మారి, అబద్ధాల మీద అబద్ధాలు పేర్చే ఆ పిల్లని సుముఖి అని పిలిచి ఉంటే అంత నిర్దాక్షిణ్యంగా చూపించగలిగేది కాదేమో. ఇక్కడ మామదే పైచేయి, అల్లుడూ కాదనలేదు.

మధ్యేమార్గం అజీజ్ అన్సారీది. తమిళనాడు నుంచి అమెరికా వెళ్లిన డాక్టరు కొడుకు. 2015లో ‘మాస్టర్ ఆఫ్ నన్’ తీసి అందులో దేవ్ అనే పేరు పెట్టుకున్నాడు, అమ్మానాన్నల పాత్రలకు మాత్రం తన అసలు అమ్మానాన్నల్నే దింపాడు. తల్లిదండ్రుల మీద తీసిన ఎపిసోడ్ రాతకు మరుసటి ఏడాది ఎమ్మీ వచ్చింది. తెలుగువాళ్ల బిడ్డ, న్యూయార్క్ కమెడియన్ హరి కొండబోలు అయితే పేరు మార్చే జోలికే పోలేదు. 2017లో ‘ది ప్రాబ్లం విత్ అపూ’ అనే డాక్యుమెంటరీలో సొంత మొహంతో నిలబడి, ‘సింప్సన్స్’ కార్టూన్లో ఒక తెల్ల నటుడు యాసపెట్టి పలికే భారతీయ కొట్టువాడి గురించి నిలదీశాడు. అందులో ఆయన అమ్మానాన్నలు కూడా కనిపిస్తారు. ఆ గొంతు ఇచ్చిన హ్యాంక్ అజారియా 2020లో ఇక ఆ పాత్రకు పలకనని ప్రకటించాడు. కొండబోలు అనే పేరును అమెరికావాళ్ల చేత పలికించడమే ఒక పని మామా అంటాడు అల్లుడు.

"సరే, సొంత పేరు పెట్టుకోనీ. దెబ్బ ఎవడు తింటన్నాడో చెప్పు" అన్నాడు మామ. ఇది అతని మూడో అస్త్రం. లారీ డేవిడ్ షోలో దెబ్బ లారీకే తగులుతుంది. జాక్ బెన్నీ పిసినారితనానికి నవ్వులపాలయ్యేది జాక్ బెన్నీయే. జబర్దస్త్‌లో పేరు టీమ్ లీడరుది, దెబ్బ పక్కవాడిది. పొట్టివాడు, నల్లవాడు, బట్టతలవాడు, చీర కట్టించుకున్న మగపిల్లకాయ, మాట రాని భార్య. "లేడీ గెటప్ వేసినోడి పేరు నీకు తెలుసా? ఎన్ని వారాలు తిట్లు తిన్నాడు ఆ పిల్లకాయ?"

అల్లుడికి రెండు పేర్లు తెలుసు, చెప్పాడు. కానీ ప్రశ్న అది కాదని అతనికీ తెలుసు. సుధీర్ స్కిట్లలో దెబ్బ ఎక్కువగా సుధీర్‌కే పడేదనీ, రాంప్రసాద్ పంచ్‌లన్నీ ఆటోలా వచ్చి అతన్నే గుద్దేవనీ, జనం అతన్ని ఇష్టపడింది అందుకేననీ వాదించాడు. ఇందులో న్యాయముంది. మిగతా టీముల సంగతికి ఆ న్యాయం సరిపోదు.

మరి తెలుగులో ఇంత సరుకు ఉండీ ఒక్క అసలైన సొంత పేరు సీరియల్ ఎందుకు రాలేదు? ఇది మామ తేల్చిన ముక్క. అల్లుడు విని గమ్మునుండిపోయాడు.

"అక్కడ స్టాండప్ చేసినోడికి టీవీ సీరియలే ప్రమోషను. కాస్బీకి, రోజాన్‌కి, సైన్‌ఫెల్డ్‌కి, రేమండ్ అనే ఆయనకి, అందరికీ ఛానలోళ్లు సీరియల్ ఇచ్చారు. ఇక్కడ ప్రమోషనంటే హీరో. టీవీలో నవ్వించినోడు సినిమాలో ఫైటు చెయ్యాల. రాజబాబుని తాతా మనవడులో పెట్టిన కాలం వేరే, అది ఏడిపించే సినిమా. సునీల్‌ని చూడు. 2010లో మర్యాద రామన్నలో భయపడతా ఉండె, ఎంత బాగుండె! 2012కి పూలరంగడు వచ్చేసరికి సిక్స్‌ప్యాక్. భయపడేవాడికి సిక్స్‌ప్యాక్ ఎందుకబ్బా?"

2019 డిసెంబరులో సుధీర్ హీరోగా వచ్చిన సినిమా పేరులోనే అతని పేరుంది: ‘సాఫ్ట్‌వేర్ సుధీర్’. రెండు నెలలు తిరక్కుండానే శ్రీను, రాంప్రసాద్‌లతో కలిసి ‘త్రీ మంకీస్’. 2022లో ‘గాలోడు’. ఆ చివరి సినిమాకు పల్లెల్లో జనం బాగానే వచ్చారు, కొట్లాటలకు ఈలలు కూడా వేశారు. కానీ స్కిట్టులో సుధీర్ ఓడిపోవాలి, తెరమీద హీరో గెలవాలి. ఓడిపోతాడని ఏళ్లపాటు నమ్మించిన మనిషి ఒక్క ఫైటుతో పదిమందిని ఎగరేస్తుంటే, పాత సుధీర్‌ని ఎతుక్కుంటూ హాలుకొచ్చినవాడికి ఆ మనిషి దొరకడు.

ఆ మెట్టు ఎక్కకుండా పక్కదారి పట్టినవాడు వేణు. జబర్దస్త్ వేణుగా జనానికి తెలిసిన వేణు యెల్దండి 2023లో ‘బలగం’ తీశాడు. సిరిసిల్ల ప్రాంతపు చావు, పిట్టకు పెట్టే ముద్ద, అన్నదమ్ముల పంతం. తనకు తెలిసిన బతుకునంతా అందులో పెట్టి, తనకు మాత్రం ఒక చిన్న పాత్ర ఉంచుకున్నాడు. తన వాదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు మామ.

"వేణు జబర్దస్త్‌లో నిలబడి పదిమందిని నవ్వించకపోతే ఆ సినిమాకు డబ్బు ఎవడిచ్చేవాడు మామా?"

దీనికి మామ దగ్గర సమాధానం లేకపోలేదు, చెప్పడం ఇష్టం లేక వేరే ప్రశ్న వేశాడు. "అట్టయితే నువ్వే చెప్పు. తెలుగులో ఆ సీరియల్ తీస్తే మొదటి ఎపిసోడ్ ఏంది?"

అల్లుడు ముందే అనుకుని పెట్టుకున్నట్టున్నాడు. ఒక కమెడియన్. టీవీలో పేరొచ్చింది. ఉన్నదంతా పెట్టి, చాలనిది అప్పు తెచ్చి హీరోగా సినిమా తీశాడు. పోయింది. మళ్లీ పాత షోకే వచ్చాడు. అక్కడ ఇప్పుడు కొత్త యాంకర్, కొత్త జడ్జి, తన కుర్రాడే టీమ్ లీడరు. ఇంటికెళ్తే ఓనరు సెల్ఫీ అడుగుతాడు, వెంటనే అద్దె అడుగుతాడు. సొంత పేరు, సొంత మొహం.

"బానే ఉంది" అన్నాడు మామ, ఒక నెరసిన కనుబొమ్మ పైకెత్తి. "కానీ రెండో వారం మళ్లీ పెళ్లికొడుకు డ్రెస్సులో వస్తాడు మీవాడు. మొదటి వారం సంగతి ఎవడికీ గుర్తుండదు."

"ఉంటది."

"ఎట్ట?"

"అప్పు తీర్చాల గదా మామా. పదో ఎపిసోడ్‌కి కూడా వడ్డీయే కడతా ఉంటాడు."

తీరప్రాంతంలో మేత డీలరు దగ్గర ఖాతా ఉన్న ఏ రొయ్యల రైతుకైనా అది ఇట్టే అర్థమవుతుంది. మామ మాత్రం వడ్డీ ఎంతని అడిగాడు.